ఆటోక్యాడ్ మానేసి మరో సాఫ్ట్‌వేర్‌కి మారితే ఇంటి ప్లాన్ పాస్ అవుతుందా? జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు కట్టేవాళ్లు, డ్రాయింగ్ గీసేవాళ్లు తెలుసుకోవాల్సినవి

ఇల్లు కట్టుకునేవాళ్లు ఆర్కిటెక్ట్‌ని ఫీజు ఎంతని అడుగుతారు, అనుమతి ఎన్ని రోజుల్లో వస్తుందని అడుగుతారు. ‘ప్లాన్ ఏ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నారు?’ అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. పదేళ్ల కిందటైతే అడగాల్సిన పని కూడా లేదు. ప్లాన్ కాగితం మీద ప్రింటై మున్సిపల్ ఆఫీసుకు వెళ్లేది, టౌన్ ప్లానింగ్ సిబ్బంది స్కేలు పెట్టి కొలిచేవారు.

ఇప్పుడు ఆ స్కేలు పట్టుకునేది కంప్యూటర్. ఫైల్ అప్‌లోడ్ చేయగానే ఖాళీ స్థలం ఎంత వదిలారు, ఎత్తు ఎంత, పార్కింగ్ ఎంత అన్నది సాఫ్ట్‌వేరే లెక్కేస్తుంది. అందుకే ఆర్కిటెక్ట్ ఆఫీసులో డిజైన్ ప్రోగ్రామ్ మారినా, ప్రభుత్వ పోర్టల్ మారినా దాని ప్రభావం ఇంటి యజమాని దాకా వస్తుంది.

హైదరాబాద్‌లో ఈ రెండు మార్పులూ ఇంచుమించు ఒకే కాలంలో జరుగుతున్నాయి. అనుమతుల పోర్టల్ టీజీ-బీపాస్ నుంచి బిల్డ్‌నౌకి మారింది. మరోపక్క ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టలేని చిన్న ఆఫీసులు ఆటోక్యాడ్ బదులు తక్కువ ఖర్చుతో వచ్చే ప్రోగ్రాముల వైపు చూస్తున్నాయి. ఈ మార్పుల్లో ఏది సులువు, ఏది ప్రమాదం, ఎవరి బాధ్యత ఎంత?

అనుమతుల వ్యవస్థలో ఏం మారింది?

జీహెచ్ఎంసీ 2016లో ఆన్‌లైన్ అనుమతుల విధానం తెచ్చింది. దాని పేరు డెవలప్‌మెంట్ పర్మిషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. అందరూ డీపీఎంఎస్ అనేవారు. డ్రాయింగ్‌ని నిబంధనలతో పోల్చి చూసే ఆటోడీసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఇందులో భాగం. దానికోసం డ్రాయింగ్‌ని ఒక నిర్ణీత పద్ధతిలో, నిర్ణీత లేయర్లలో సిద్ధం చేయాల్సి వచ్చేది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం భవన అనుమతులు, స్వీయ ధ్రువీకరణ చట్టం చేసింది. ఆ ఏడాది నవంబరులో టీఎస్-బీపాస్ పోర్టల్ మొదలైంది. తర్వాత అదే టీజీ-బీపాస్ అయింది. 2025లో జీహెచ్ఎంసీ పరిధిలో బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థ వచ్చింది. డ్రాయింగ్ పరిశీలనకు రోజులు పట్టే చోట నిమిషాలు చాలన్నది ప్రభుత్వం చెప్పిన ప్రధాన ప్రయోజనం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోర్టల్ మారినా నిర్మాణ నిబంధనలకు ఆధారం ఇప్పటికీ 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168, ఆ తర్వాత దానికి జరిగిన సవరణలే. మారింది ఆ నిబంధనల ప్రకారం డ్రాయింగ్‌ని చదివే సాఫ్ట్‌వేర్. పాత సాఫ్ట్‌వేర్‌కి అర్థమైన ఫైల్ కొత్తదానికి అర్థం కాకపోవచ్చు. అంతమాత్రాన ఇంటి ప్లాన్ తప్పని కాదు. ఈ తేడా తెలియకపోతే యజమాని ఆర్కిటెక్ట్‌ని, ఆర్కిటెక్ట్ ఆఫీసుని నిందించుకుంటూ వారాలు గడిచిపోతాయి.

మీ ప్లాట్ ఏ కోవలోకి వస్తుంది?

2020 చట్టం ప్రకారం మూడు రకాలు ఉన్నాయి.

75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్, పైన ఒక అంతస్తు వరకు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు. ఒక్క రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు.

75 నుంచి 600 గజాల లోపు, అంటే దాదాపు 500 చదరపు మీటర్ల వరకు ఉన్న ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి వస్తుంది.

అంతకు మించితే సింగిల్ విండో. 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఈ మూడు రకాలూ ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఒకటి రెండు కిలోమీటర్లలోనే కనిపిస్తాయి. గుట్ట వాలు మీద బస్తీల్లో 60, 70 గజాల ఇళ్లుంటాయి. కాస్త అవతల 200, 300 గజాల ప్లాట్లు. జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ పాత ప్లాట్లలో 600 గజాలు దాటినవి కొల్లలు. డ్రాయింగ్ ఫైల్ తలనొప్పి మొదటి రకానికి దాదాపు లేదు. రెండో రకం వాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఎందుకంటే తక్షణ అనుమతి నమ్మకం మీద ఇచ్చేది. యజమాని, లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ అంటే ఎల్‌టీపీ, ఇద్దరూ ‘ఈ వివరాలు నిజం’ అని ధ్రువీకరిస్తారు. ఆ తర్వాత 21 రోజుల్లోగా అధికారులు తనిఖీ చేసి, వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దు చేయొచ్చు. ప్లాన్‌కి విరుద్ధంగా కట్టిన దాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఈ చట్టం ఇచ్చింది. ఆ సమయంలో ‘ఫైల్ మార్చినప్పుడు కొలత తప్పింది’ అనే మాటకు విలువ ఉండదు. సంతకం యజమానిది.

సాఫ్ట్‌వేర్ ప్లాన్‌ని ఎలా చదువుతుంది?

మనిషి ప్లాన్ చూస్తే ఇది గోడ, ఇది మెట్లు అని బొమ్మను బట్టి పోల్చుకుంటాడు. పరిశీలన సాఫ్ట్‌వేర్‌కి బొమ్మతో పనిలేదు. ఫలానా పేరున్న లేయర్‌లో ఉన్న మూసుకున్న గీత ప్లాట్ హద్దు, మరో లేయర్‌లో ఉన్నది భవనం హద్దు అని దానికి ముందే చెప్పి ఉంటారు. ఆ రెండింటి మధ్య దూరం కొలిచి ఖాళీ స్థలం సరిపోయిందో లేదో చెబుతుంది. గదుల వైశాల్యం, వెంటిలేషన్, పార్కింగ్, ఎత్తు అన్నీ ఇదే తీరు.

కాబట్టి కంటికి చక్కగా కనిపించే ప్లాన్ కూడా ఫెయిల్ కావచ్చు. హద్దు గీత ఒకచోట వెంట్రుకవాసి తెగి ఉంటే మనకు కనిపించదు, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అక్కడ ప్లాటే లేదు. లేయర్ పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా అంతే. ఒక ప్రోగ్రామ్‌లో గీసిన ఫైల్‌ని మరో ప్రోగ్రామ్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు సరిగ్గా ఇలాంటివే జరుగుతుంటాయి.

అసలు ఎందుకు మారాలనుకుంటున్నారు?

ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని ఒకసారి కొంటే సరిపోయేది. కొత్త వెర్షన్ వచ్చినా పాతదాంతో నెట్టుకొచ్చేవారు. 2016లో ఆటోడెస్క్ కంపెనీ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి సబ్‌స్క్రిప్షన్ పద్ధతికి వెళ్లింది. ఇద్దరు ముగ్గురు డ్రాఫ్ట్స్‌మెన్‌తో నడిచే ఆఫీసుకి ఇది ఏటా తప్పని అద్దెలాంటిది. పని ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే.

దీనికి చాలామంది వెతుక్కున్న దారి దొంగ కాపీ. అది చౌక అనుకోవడం పొరపాటు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ ప్రకారం, చట్టవిరుద్ధమైన కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పైగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వైరస్ కూడా వస్తే క్లయింట్ల ఫైళ్లన్నీ పోతాయి.

మిగిలిన దారి, చట్టబద్ధంగా తక్కువ ఖర్చుతో దొరికే మరో ప్రోగ్రామ్. బెల్జియంలో పుట్టిన బ్రిక్స్‌క్యాడ్, చైనాకు చెందిన జడ్‌డబ్ల్యూక్యాడ్, జీస్టార్‌క్యాడ్ లాంటివి ఆటోక్యాడ్ ఫైల్‌నే నేరుగా తెరుస్తాయి. వీటిలో శాశ్వత లైసెన్స్ కూడా దొరుకుతుంది. లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. ఫ్రీక్యాడ్ 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది.

కానీ ఉచితమన్నది ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందన్న హామీ లేదు. డ్రాఫ్ట్‌సైట్ చాలా ఏళ్లు ఉచిత వెర్షన్ ఇచ్చి 2019లో ఆపేసింది. స్కెచప్ 2006లో గూగుల్ చేతికి, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్లింది. డెస్క్‌టాప్ మీద నడిచే ఉచిత వెర్షన్ 2017తో ఆగిపోయింది. ఫ్రీక్యాడ్, లిబ్రేక్యాడ్‌ల సంగతి వేరు. అవి ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్ అందరి చేతిలోనూ ఉంటుంది. ఒక కంపెనీ నిర్ణయంతో అవి ఆగిపోవు.

ఫైల్ ఒకటే అయినప్పుడు ఇబ్బంది ఏమిటి?

ఆటోక్యాడ్ డ్రాయింగ్ డీడబ్ల్యూజీ అనే ఫార్మాట్‌లో ఉంటుంది. దాని లోపలి నిర్మాణాన్ని ఆటోడెస్క్ పూర్తిగా బయటపెట్టలేదు. 1998లో కొన్ని కంపెనీలు కలిసి ఒక కూటమిగా ఏర్పడి ఆ ఫార్మాట్‌ని విప్పి అర్థం చేసుకున్నాయి. ఇప్పుడు దాని పేరు ఓపెన్ డిజైన్ అలయన్స్. మిగతా ప్రోగ్రాముల్లో చాలావాటికి డీడబ్ల్యూజీ తెరవడం చేతనైందంటే ఆ కృషి వల్లే.

గీతలు, వృత్తాలు, అక్షరాలు, లేయర్లు, కొలతలు మామూలుగా క్షేమంగానే దాటుతాయి. ఇబ్బంది పెట్టేవి వేరు.

మొదటిది వెర్షన్. డీడబ్ల్యూజీలో 2000, 2004, 2007, 2010, 2013, 2018 అంటూ వేర్వేరు తరాలున్నాయి. పోర్టల్ ఒక తరం అడుగుతుంటే మీ ప్రోగ్రామ్ మరో తరంలో సేవ్ చేస్తుండవచ్చు. ‘సేవ్ యాజ్’లో సరైనది ఎంచుకుంటే ఇది తీరిపోతుంది.

రెండోది యూనిట్లు. మన దగ్గర స్థలం గజాల్లో, గది అడుగుల్లో, నిబంధన మీటర్లలో ఉంటుంది. 30 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవున్న 300 గజాల ప్లాట్ తీసుకోండి. కచ్చితంగా లెక్కేస్తే 9.144 మీటర్లు, 27.432 మీటర్లు, అంటే 250.8 చదరపు మీటర్లు. అడుగుని 0.3 మీటర్లని ఉజ్జాయింపుగా పెడితే వచ్చేది 243. ఎక్కడా పొరపాటు కనిపించకుండానే దాదాపు 8 చదరపు మీటర్లు మాయమయ్యాయి. ఎత్తులో అయితే ఇంకా సున్నితం. 33 అడుగులంటే 10.06 మీటర్లు. 10 మీటర్ల గీత దాటినట్టే. తక్షణ అనుమతి పోయి సింగిల్ విండోలో పడాల్సి వస్తుంది. మిల్లీమీటర్లలో గీసిన ఫైల్‌ని కొత్త ప్రోగ్రామ్ అంగుళాలనుకుంటే 25.4 రెట్ల తేడా వస్తుంది. అంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కాబట్టి దానితో నష్టం తక్కువ. దొరకనివి చిన్న తప్పులే.

మూడోది వాలు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాతిగుట్టల నేల. ప్లాట్ ముందు భాగానికీ వెనక భాగానికీ ఒక అంతస్తు ఎత్తు తేడా ఉన్న చోట్లున్నాయి. సర్వేయర్ ఇచ్చే కాంటూర్ గీతల్లో ఎత్తుల సమాచారం ఉంటుంది. ఫైల్ మార్చేటప్పుడు ఎవరైనా వాటిని సమతలం చేసేస్తే పై నుంచి చూసే ప్లాన్‌లో ఏ తేడా తెలియదు. సెక్షన్ గీసేటప్పుడు మాత్రం నేల మట్టం ఎక్కడో తెలియక సెల్లార్, ఎత్తు లెక్కలు తారుమారవుతాయి.

నాలుగోది ప్లగ్-ఇన్. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే.

ప్లగ్-ఇన్ చిక్కు అంటే?

పరిశీలనకు కావాల్సిన లేయర్లు, గుర్తులు పెట్టడానికి ఇలాంటి వ్యవస్థలు తరచూ ఒక చిన్న అనుబంధ ప్రోగ్రామ్ ఇస్తాయి. దాన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకుని వాడాలి. ఆటోక్యాడ్ కోసం రాసిన ప్లగ్-ఇన్ బ్రిక్స్‌క్యాడ్‌లోనో జడ్‌డబ్ల్యూక్యాడ్‌లోనో అలాగే నడవదు. తయారుచేసినవాళ్లు దాన్ని ఆయా ప్రోగ్రాములకు మళ్లీ సిద్ధం చేసి ఇవ్వాలి. ఆటోక్యాడ్‌లోనే చౌకగా వచ్చే ఎల్‌టీ రకంలో కూడా ఇలాంటి లోతైన ప్లగ్-ఇన్‌లు ఎక్కవు. లిస్ప్ అనే చిన్న ప్రోగ్రాములు నడిపే వీలు సైతం ఎల్‌టీకి 2024 వెర్షన్‌లో గానీ రాలేదు.

దీని అర్థం ఏమిటి? ప్రభుత్వం ఎక్కడా ‘ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనండి’ అని చెప్పకపోవచ్చు. ప్లగ్-ఇన్ ఒక్క ప్రోగ్రామ్‌లోనే నడిస్తే మాత్రం ఫలితం అదే. ఆ సబ్‌స్క్రిప్షన్ ఖర్చు ఎల్‌టీపీ ఫీజులో కలుస్తుంది, ఫీజు ఇంటి యజమాని కడతారు. అనుమతి రుసుముల పట్టికలో కనిపించని రుసుము అది.

వాదనకి రెండో వైపు కూడా ఉంది. నగరంలో వందలాది ఎల్‌టీపీలు ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్లు గీసి పంపితే ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. ఒక క్రమం పెట్టాలంటే ఒక పనిముట్టు ఇవ్వడం తేలిక. ఎక్కువమంది వాడేదాని కోసమే ముందు తయారుచేయడమూ సహజమే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి పాలిటెక్నిక్‌ల దాకా నేర్పేది ఆటోక్యాడే. విద్యార్థులకు అది ఉచితం. ఆ ఉచితంతో అలవాటైన చేయి ఉద్యోగంలోనూ దాన్నే వెతుక్కుంటుంది. ప్రభుత్వ వ్యవస్థ కూడా దాని చుట్టూనే అల్లుకుంటే ఆ ముడి మరింత బిగుస్తుంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. డ్రాయింగ్‌లో ఏ లేయర్ పేరు ఏమిటి, ఏ గీత మూసి ఉండాలి, యూనిట్లు ఏవి, ఏ వెర్షన్‌లో సేవ్ చేయాలి అన్న నియమాల పత్రం బహిరంగంగా ఇస్తే ఏ ప్రోగ్రామ్‌తోనైనా అలా గీయొచ్చు. సింగపూర్ ఈ దారిలో ముందుకెళ్లింది. అక్కడ 2023 చివర్లో మొదలైన కోర్‌నెట్ ఎక్స్ అనే అనుమతుల వ్యవస్థ ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో భవన నమూనా తీసుకుంటుంది. ఐఎఫ్‌సీ ఏ ఒక్క కంపెనీదీ కాదు, అంతర్జాతీయ ప్రమాణం. ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా చివరికి ఆ రూపంలో ఇస్తే సరిపోతుంది. సింగపూర్ చిన్న దేశం, అక్కడి నిర్మాణ సంస్థలు పెద్దవి. 200 గజాల ఇంటికి త్రీడీ నమూనా అడగడం మన దగ్గర అతిగా ఉంటుంది. ‘ఫైల్ ఎలా ఉండాలో చెప్తాం, ఏ పనిముట్టుతో గీస్తారో మీ ఇష్టం’ అన్న సూత్రం మాత్రం మనకూ సరిపోతుంది.

ఫిల్మ్‌నగర్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ల సంగతేమిటి?

ఇదే ప్రాంతంలో డ్రాయింగ్ మీద బతికే మరో పరిశ్రమ సినిమా. సెట్ వేయాలంటే ఆర్ట్ డైరెక్టర్ స్కెచ్ ముందు కంప్యూటర్‌లో ప్లాన్ అవుతుంది, తర్వాత కార్పెంటర్లు, మౌల్డర్ల చేతికి కొలతలు వెళతాయి. కొలతలకు ఆటోక్యాడ్, రూపం చూపించడానికి స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్, బ్లెండర్ వాడుతుంటారు.

సెట్‌కి పోర్టల్ పరిశీలన లేదు కాబట్టి ప్రోగ్రామ్ మార్చుకోవడం వీళ్లకు కొంత తేలిక. కష్టం మరోచోట. సినిమా సినిమాకీ టీమ్ మారుతుంది. ఒకరు గీసిన ఫైల్ మరొకరి కంప్యూటర్‌లో తెరుచుకోవాలి. తెలుగు బోర్డులతో ఇంకో ఇబ్బంది ఉంది. ఊరి సెట్‌లో కిరాణా కొట్టు, మంగలి షాపు, పంచాయతీ ఆఫీసు బోర్డుల్ని చాలామంది అను ఫాంట్లలో చేస్తారు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ ఇచ్చే ముందు అక్షరాల్ని ఆకారాలుగా మార్చేయడం మంచిది.

2022లో క్యూబ్ సినిమాతో కలిసి అన్నపూర్ణ స్టూడియోస్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్‌ని ప్రకటించింది. ఈ పద్ధతిలో ఎల్ఈడీ తెర మీద కనిపించే లోకానికీ, ముందు నిజంగా కట్టిన సెట్ ముక్కకీ కొలతలు కలవాలి. అంటే ఒకే నమూనా డిజైన్ ప్రోగ్రామ్ నుంచి గేమ్ ఇంజిన్ దాకా వెళ్లాలి. యూనిట్ల పట్టింపు ఇక్కడా తప్పదు.

ప్లాన్ పాసైతే ఇల్లు భద్రమేనా?

కాదు. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చూసేది ఖాళీ స్థలం, ఎత్తు, వైశాల్యం లాంటి నిబంధనల్నే. పిల్లర్‌లో ఎంత స్టీలు పడింది, సెంట్రింగ్ గట్టిగా ఉందా, స్లాబ్ ఎప్పుడు పోశారు అన్నది అవి చూడలేవు. 2016 జులైలో ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్ దగ్గర నిర్మాణంలో ఉన్న పోర్టికో కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. నిర్మాణ భద్రత సైట్‌లో తేలే విషయమని గుర్తుచేసే ఘటన అది. స్ట్రక్చరల్ ఇంజినీర్ పర్యవేక్షణకు స్క్రీన్ మీద కనిపించే ‘పాస్’ ప్రత్యామ్నాయం కాదు.

ఎల్‌టీపీలు, చిన్న ఆఫీసులు ఎలా మారాలి?

ఒకేసారి అంతా మార్చేయవద్దు. పాత లైసెన్స్ గడువు ముగియడానికి కనీసం మూడు నాలుగు నెలల ముందు పని మొదలుపెట్టాలి.

ముందు పోర్టల్ తాజా మార్గదర్శకాలు చదవండి. ఏ ఫైల్ ఫార్మాట్, ఏ వెర్షన్, ప్లగ్-ఇన్ ఏ ప్రోగ్రాముల్లో నడుస్తుంది అన్నది తేలకుండా ఏదీ కొనవద్దు. ప్లగ్-ఇన్ ఆటోక్యాడ్‌లోనే నడిస్తే ఆఫీసు మొత్తానికి ఒక్క ఆటోక్యాడ్ లైసెన్స్ ఉంచుకుని, మిగతా సీట్లను చౌక ప్రోగ్రామ్‌కి మార్చుకోవచ్చు. గీయడం అక్కడ, చివరి తయారీ ఇక్కడ.

ఇప్పటికే అనుమతి వచ్చిన రెండు మూడు పాత ఫైళ్లను ట్రయల్ వెర్షన్‌లో తెరవండి. ప్లాట్ వైశాల్యం, ప్రతి అంతస్తు వైశాల్యం, నాలుగు వైపుల ఖాళీ స్థలం పాత అంకెలతో సరిపోయాయో లేదో చూడండి. దశాంశం తర్వాత రెండంకెల దాకా కలవాలి.

హద్దు గీతలు మూసే ఉన్నాయా, లేయర్ పేర్లు మారలేదా, బ్లాకులు విడిపోలేదా, ప్రింట్‌లో గీతల మందం తేడా వచ్చిందా అన్నవి తర్వాత. ఆఫీసులో ఏళ్లుగా వాడుతున్న లిస్ప్ ఫైళ్లుంటే ఒక్కొక్కటీ నడిపి చూడాలి.

డ్రాఫ్ట్స్‌మెన్‌కి కొంత సమయం ఇవ్వండి. ఆటోక్యాడ్‌ని పోలిన ప్రోగ్రాముల్లో గీతకి ఎల్, సర్కిల్‌కి సీ, ట్రిమ్‌కి టీఆర్ లాంటి షార్ట్‌కట్లు అవే ఉంటాయి కాబట్టి చేయి త్వరగానే కుదురుతుంది. లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్‌ల తీరు వేరు. వాటికి ఎక్కువ రోజులు పడతాయి.

నడుస్తున్న దరఖాస్తును మాత్రం మధ్యలో మార్చవద్దు. ఏ ప్రోగ్రామ్‌లో మొదలుపెట్టారో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా అందులోనే కానివ్వండి.

ఇంటి యజమానులు ఏం అడగాలి?

డిజైన్ ఫైల్ మీకు ఇస్తారా అని ఒప్పందంలోనే రాయించుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం డ్రాయింగ్ మీద మొదటి హక్కు గీసినవారిదే. ఫీజు కట్టినంత మాత్రాన ఫైల్ దానంతటదే మీ సొంతం కాదు. పదేళ్ల తర్వాత పై అంతస్తు వేయాలన్నా, ఇల్లు అమ్మాలన్నా ఆ ఆఫీసు ఉంటుందో లేదో తెలియదు.

ఆ ఫైల్‌ని మూడు రూపాల్లో తీసుకోండి. డీడబ్ల్యూజీ ఒకటి, వేరే ప్రోగ్రాములు కూడా చదవగలిగే డీఎక్స్‌ఎఫ్ ఒకటి, ఎవరైనా తెరిచి చూసుకోగలిగే పీడీఎఫ్ ఒకటి. పాత పోర్టల్‌లో అనుమతి వచ్చి ఉంటే దరఖాస్తు నంబరు, అనుమతి ఉత్తర్వు, ముద్ర ఉన్న ప్లాన్ మూడూ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసి పెట్టుకోండి.

స్వీయ ధ్రువీకరణ మీద సంతకం పెట్టే ముందు నాలుగు అంకెలు మీరే చూసుకోండి. ప్లాట్ వైశాల్యం రిజిస్ట్రేషన్ దస్తావేజుతో కలుస్తుందా, సైట్‌లో టేపు పెట్టి కొలిస్తే హద్దులు కలుస్తున్నాయా, ఎత్తు మీటర్లలో ఎంత రాశారు, ముందు రోడ్డు వెడల్పు ఎంత చూపారు. వీటికి ఏ సాఫ్ట్‌వేర్ జ్ఞానమూ అక్కర్లేదు.

డ్రాయింగ్ ఫెయిలైందని చెబితే ఆ నివేదిక కాపీ అడగండి. ‘ఖాళీ స్థలం తక్కువ’ అని ఉంటే అది ప్లాన్ లోపం, ప్లాన్ మార్చాలి. ‘లేయర్ లేదు’, ‘గీత మూసి లేదు’ అని ఉంటే అది ఫైల్ లోపం, దాన్ని సరిచేయడం గీసినవారి పని. రెండోదానికి మీ దగ్గర అదనపు ఫీజు అడిగితే ఎందుకని ప్రశ్నించే హక్కు మీకుంది.

ప్రభుత్వం వైపు నుంచి ఏం కావాలి?

పోర్టల్ వేగం పెరగడం మంచిదే. నిమిషాల్లో పరిశీలన పూర్తయితే ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గుతుంది, మధ్యవర్తుల పాత్రా తగ్గుతుంది. ఆ ప్రయోజనం 200 గజాల ఇంటిదాకా చేరాలంటే మూడు పనులు జరగాలి. డ్రాయింగ్ నియమాల పత్రం తెలుగులోనూ అందరికీ అందుబాటులో ఉండాలి. ఒక్క కంపెనీ ప్రోగ్రామ్ మీద ఆధారపడకుండా, డీఎక్స్‌ఎఫ్ లాంటి ఫార్మాట్‌లో నియమాల ప్రకారం ఉన్న ఫైల్‌నీ తీసుకోవాలి. పోర్టల్ మారిన ప్రతిసారీ పాతదీ కొత్తదీ కొన్ని నెలలు పక్కపక్కన నడవాలి.

2016 నుంచి 2025 మధ్య తొమ్మిదేళ్లలో హైదరాబాద్‌వాసులు మూడు వ్యవస్థలు చూశారు. నాలుగోది కూడా ఎప్పుడో రావచ్చు. అప్పటికీ ఈ ఇళ్లు నిలిచే ఉంటాయి. వాటి ప్లాన్లు అప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవాలంటే ఫైల్ ఎలా దాచాలన్నది ఈరోజే తేల్చుకోవాలి.